లంకలో జూడో బొమ్మ: నా ప్రాజెక్టు డైరీ

మే 11

బావ కువైట్ వెళ్లి ఆరు వారాలైంది. కాకినాడలో చదువుకునే రోజుల నుంచి జూడోలో మేమిద్దరం జోడీ. ఊరికి వచ్చేశాక కూడా సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి కొబ్బరి తోటలోకి వెళ్లి గంటసేపు పట్లు పట్టేవాళ్లం. ఇప్పుడు ఆ టైము వస్తే ఏం చెయ్యాలో తోచడం లేదు.

ఒక్కడినే చెయ్యగలిగినవి మానలేదు. ఉకేమి అంటే పడటం, దానికి ఎవరూ అక్కర్లేదు. ఉచికోమి, అంటే విసిరే ముందు లోపలికి తిరిగే కదలికని మళ్లీ మళ్లీ చెయ్యడం, దానికోసం చెట్టుకి సైకిల్ ట్యూబు కట్టాను. రెండు కొసలూ పట్టుకుని లాగుతూ లోపలికి తిరగడం, మళ్లీ వెనక్కి రావడం, రోజుకి వంద. అడుగులు ఎక్కడ పడాలో, నడుము ఎంత తిరగాలో దీంతో బాగానే అలవాటవుతుంది. కానీ ‘ఓ గోషి’ (నడుము మీదికి ఎక్కించి విసిరే పట్టు) వేసేటప్పుడు అవతలి మనిషి పొట్ట మన నడుము మీదికి ఎక్కి, కాళ్లు నేల విడిచే క్షణం ఒకటుంటుంది. అది ట్యూబుతో రాదు. నేల మీద పట్లకైతే ట్యూబు ఎందుకూ పనికిరాదు.

జోడీ బదులు పట్టుకుని విసరడానికి ఆన్‌లైన్‌లో అమ్మే బొమ్మలు చూశాను. చాలావరకు ఖాళీ తొడుగులే, నింపుకోవడం మన పనే. ఆ నింపడమే అసలు పని అయినప్పుడు తొడుగు కూడా నేనే కుట్టించుకుంటాను. పీచు, గడ్డి, గోనెలు, పాత వలలు, పాత బట్టలు, వీటికి మా గోదావరి లంకలో కొరత లేదు.

మే 14

కొలతలు. వరండా గచ్చు మీద పడుకుని, చుట్టూ సుద్దతో గీత గియ్యమని చెల్లిని అడిగాను. అది సగం గీసేసరికి అమ్మ వంటింట్లోంచి వచ్చి, "లెగు నాన్నా, ఆ గీతేంటి, చూడ్డానికి బాలేదు" అని తడిగుడ్డతో తుడిచేసింది. ఆవిడ భయం ఆవిడది. గోనెసంచి పరిచి, నిలబడి, భాగం భాగం టేపుతో కొలిచాను.

బొమ్మ పొడవు 160 సెంటీమీటర్లు అనుకున్నాను. నా ఎత్తు అంతకన్నా పన్నెండు సెంటీమీటర్లు ఎక్కువ. భుజాల వెడల్పు 42, తొడ చుట్టుకొలత 50.

బరువు దగ్గర చాలాసేపు ఆలోచించాను. నేను 71 కిలోలు, పోటీల్లో 73 లోపు విభాగం. బావది 66 లోపు. 66 కిలోల బొమ్మ చేస్తే మాత్రం నడుము పోతుంది. మనిషిని విసిరేటప్పుడు అతని కదలికలోంచే మనకి సగం బలం వస్తుంది. బొమ్మ కదలదు, మొత్తం మనమే ఎత్తాలి. అందుకే 30 కిలోలు చాలు.

ఆ 30 ఎక్కడ ఎంత ఉండాలనేదే అసలు లెక్క. మనిషి శరీరంలో తల, మెడ కలిపి దాదాపు 8 శాతం, మొండెం 50, ఒక్కో చెయ్యి 5, ఒక్కో కాలు 16 శాతం. ఆ చొప్పున తల 2.4 కిలోలు, మొండెం 15, చెయ్యి ఒకటిన్నర, కాలు 4.8. ఈ అంకెలు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. పంచింగ్ బ్యాగుకి ఎక్కడ ఎంత బరువున్నా చెల్లుతుంది. పట్టుకుని విసరాల్సిన బొమ్మకి చెల్లదు. కాళ్లు తేలికైపోతే నడుము మీదికి ఎక్కించినప్పుడు తల వైపు జారిపోతుంది, మనం తప్పు కోణం నేర్చుకుంటాం.

మే 19

ఎముకల గూడు. బోరు వేసినప్పుడు మిగిలిన అంగుళం పీవీసీ పైపు దొడ్లో ఉంది. వెన్నెముకకి ఒకటి, భుజాలకి అడ్డంగా ఒకటి, తుంటికి ఒకటి కోశాను. టీలు, ఎల్బోలు పెట్టి గమ్ముతో అతికించాను. మోకాలి దగ్గర పైపు ఆపేసి సైకిల్ ట్యూబు చుట్టాను, వంగడానికి. రెండు గంటల్లో నిలబడింది. బాగా వచ్చిందనిపించింది.

మే 22

గూడు చుట్టూ వరిగడ్డి చుట్టి, మేత సంచులు తొడిగి, గోనె దబ్బనంతో పురికొస కుట్టు వేశాను. రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర ఖాళీ మేత సంచులు అడిగితే కావలసినన్ని ఇచ్చారు. సందుల్లో ఊక పోశాను. ధాన్యం కాటా మీద పెడితే 9 కిలోలు తూగింది. గడ్డిని ఎంత తొక్కి పెట్టినా అంతే.

బరువు తర్వాత చూసుకుందాం, ముందు ఒకసారి విసిరి చూద్దాం అనుకున్నాను.

మే 23

ఎడమ చేతికి కట్టు ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను. నిన్న సాయంత్రం మూడో ఓ గోషికి భుజం దగ్గర టీ విరిగింది. విరిగిన అంచు కత్తిలా సంచిని చీల్చుకుని వచ్చి మోచేతి కింద గీసేసింది. నాలుగు కుట్లు. పట్టు బిగించి ఉండగా మొహం ఆ అంచు మీదికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తోంది.

ఇది చదివి ఎవరైనా బొమ్మ మొదలుపెడితే ఒక్కటే చెబుతాను: లోపల గట్టిది ఏదీ పెట్టొద్దు. పైపు వద్దు, కర్ర వద్దు, ఇనుము అసలే వద్దు. పైపు బరువుకి వంగితే సరే, నేలకి కొట్టుకున్నప్పుడు మాత్రం పగులుతుంది. అతుకు దగ్గరే ముందు పగులుతుంది.

మే 30

కుట్లు విప్పారు. ఈ వారమంతా ఆలోచించి ఎముకలకి తాడు ఖాయం చేశాను. అంబాజీపేట వెళ్లి బొటనవేలంత లావు కొబ్బరి తాడు పన్నెండు మీటర్లు తెచ్చాను. తల నుంచి తుంటి దాకా రెండు పేటలు, భుజాల దగ్గర అడ్డంగా ఒకటి, తుంటి దగ్గర ఒకటి. కలిసే చోట ముడి వెయ్యలేదు, ముడి వేస్తే గడ్డలా తగులుతుంది. నైలాన్ వల దారానికి మైనం రాసి, తాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి బిగించి చుట్టాను. వల దారం నీళ్లలో ఏళ్ల తరబడి ఉండి కూడా తెగదు, దాన్ని మించింది నాకు కనబడలేదు.

తాడు వంగుతుంది, మెలిపడుతుంది, గుచ్చుకోదు. ఒక్క మాటలో చెప్పాలంటే తాడు పని కాళ్లూ చేతులూ ఊడి రాకుండా పట్టుకోవడమే. నిలబెట్టే పని నింపుడుది. మొదటిసారి ఆ పని పైపుకి అప్పజెప్పడం వల్లే విరిగింది.

జూన్ 6

గడ్డి విప్పేశాను. పదిహేను రోజులకే నలిగి పొట్టు పొట్టయిపోయింది, అడుగున బూజు వాసన. ఊక సంచి కుట్టుల్లోంచి కారిపోయి బొమ్మ ఎక్కడ ఉంటే అక్కడ కుప్ప.

అంబాజీపేటలోనే ఒకాయన కొబ్బరి పొట్టు నింపమన్నాడు. మెత్తగా ఉంటుంది, బరువూ వస్తుంది అన్నాడు. ఒక కాలికి నింపి చూశాను. నిజంగానే చేత్తో నొక్కితే కండలా ఉంది. సంతోషించాను. మర్నాడు మొదటి వాన పడింది. వరండాలోనే ఉంది, జల్లు కూడా తగల్లేదు. అయినా మూడు రోజులకి ఆ కాలు ఎక్కువ తూగింది. కడియం నర్సరీల వాళ్లు కుండీల్లో కొబ్బరి పొట్టు వేసేది అది నీళ్లు పీల్చి పట్టుకుంటుందనే. మన గోదావరి గాలిలో తేమకి అది పొడిగా ఎలా ఉంటుంది? మొక్కకి మంచిదే, బొమ్మకి కాదు.

జూన్ 9

వరిగడ్డి వృథా కాలేదు. మిగిలిన మోపులన్నీ తోటలో ఎనిమిది అడుగుల చదరంలో జానెడు మందాన పరిచి, పైన ధాన్యం ఆరబోసే బరకం లాగి కట్టాను. నాలుగు వైపులా మేకులు. దాని మీద రెండు ఉకేమీలు చేసి చూశాను. లోపల పనికిరాని గడ్డి కింద పరుపుగా చాలా బాగుంది. వాన వచ్చేలా ఉంటే బరకాన్ని మడతపెట్టి గడ్డి మీదే కప్పేస్తే సరి. పది రోజులకోసారి కొత్త గడ్డి వెయ్యాలి.

జూన్ 15

పాత బట్టలు. ఇంట్లోవి, మావయ్య వాళ్లవి, పక్కింటివి కలిపి రెండు గోనెల నిండా వచ్చాయి. చీరలు, లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్లు. గుండీలు, జిప్పులు, హుక్కులు అన్నీ కోసి తీసేశాను. ఇది విసుగు పుట్టించే పని, కానీ మానకూడదు. పట్టు పట్టినప్పుడు లోపలి జిప్పు వీపుకి తగిలితే తెలుస్తుంది.

పరుపులు కుట్టే ముసలాయన మా ఊరు వస్తే ఆపి, ఇలా ఒక బొమ్మ నింపాలని చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. "మద్దెలోంచి నింపకు బాబూ, కొసల్నుంచి రా. ముందు చేతి కొసలు, కాళ్ల కొసలు. కర్రతో కూరు. గుప్పెడు పెట్టి పది పోట్లు, మళ్లీ గుప్పెడు. ఒక్కసారే తోసేత్తే వారానికి దిగిపోద్ది" అన్నాడు. మెడకి మాత్రం బట్టలు వద్దని, బూరుగు దూది పెట్టమన్నాడు, నలిగినా మళ్లీ పొంగుతుందట. రెండు కిలోలు ఆయన దగ్గరే కొన్నాను.

ఇంకా తొడుగే లేదు. మేత సంచి పనికిరాదని ముందే తేలింది. పట్టు పట్టి రుద్దుకుంటే చర్మం దోక్కుపోతోంది.

జూన్ 21

అమలాపురం. బస్టాండు నుంచి కాస్త నడిస్తే ఆటో సీటు కవర్లు కుట్టే షాపు. ఇంట్లో మిషను మందం బట్ట మీద నడవదు, వాళ్ల మిషను నాలుగు పొరల జీన్స్ మీద కూడా ఆగదు. నాలుగు పాత జీన్స్ ప్యాంట్లు, ఒక కాన్వాసు ముక్క, గీసుకున్న కొలతల కాగితం తీసుకెళ్లాను.

షాపాయన కాగితం చూసి, "ఏం చేత్తారండి దీంతో?" అన్నారు. చెప్పాను. అప్పుడు తెలిసింది ఆయన దసరాకి చెడీ తాలింఖానాలో కర్ర తిప్పుతారని. అమలాపురం దసరా ఊరేగింపు చూసినవాళ్లకి తెలుసు, కర్రలు, కత్తులు, కళ్లకి గంతలు కట్టుకుని చేసే విన్యాసాలు. జూడో గురించి ఆయన అడిగారు, కర్ర గురించి నేను అడిగాను. గంట అలా గడిచిపోయింది.

ఆయన నా కాగితం మీద పెన్సిలుతో చేతిని కొట్టేసి మళ్లీ గీశారు. నేను చెయ్యి తిన్నగా గొట్టంలా గీశాను. "తిన్నగా కుట్టి తర్వాత వంచితే మోచెయ్యి దగ్గర ముడత పడి నింపుడు విరుగుద్దండి. కోటు చెయ్యిలా వంపుతోనే కత్తిరిద్దాం" అన్నారు. అలా కత్తిరిస్తే లోపల ఏ కట్టూ లేకుండానే చేతులు ఎప్పుడూ ముందుకి చాచి ఉంటాయి. నేను ట్యూబు ముక్కలతో, తాళ్లతో రెండు వారాలు కుస్తీ పడ్డ సమస్య ఆయన కత్తెరతో రెండు నిమిషాల్లో తీర్చేశారు.

కుట్టు జీన్స్ ప్యాంటు పక్కన ఉండే మడత కుట్టే, మందం నైలాన్ దారంతో రెండు వరసలు. వీపు దగ్గర జిప్పు పెట్టమంటే వద్దన్నారు, బరువు పడితే పళ్లు ఊడతాయట. బరకానికి ఉండేలాంటి ఐలెట్లు రెండు వరసలు కొట్టి, బూటుకి లేసులా తాడు అల్లుకోమన్నారు. ఐలెట్లు చర్మానికి తగలకుండా లోపల ఒక పట్టీ. డబ్బులు మాట్లాడుకున్నదానికన్నా తక్కువే తీసుకున్నారు.

జూన్ 28 – జూలై 2

నింపడం. ఐదు సాయంత్రాలు పట్టింది. గరిటె కాడంత లావు వెదురు కర్ర, గుప్పెడు బట్ట, పది పోట్లు. అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ కూడా ఒక సాయంత్రం కూర్చుని ఎడమ కాలు మొత్తం తనే కూరింది. తన పాత చీర ఒకటి కనబడితే కాసేపు చూసి, తర్వాత అదీ కూరేసింది.

బట్టలొక్కటే పెడితే మొత్తం 20 కిలోలకి మించలేదు. మిగతాది ఇసుక. గోదావరి ఇసుకని పెనం మీద వేయించి తడి పోగొట్టి, కిలో చొప్పున మందం ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి బిగించి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి టేపు చుట్టి, పైన తువ్వాలు చుట్టాను. ఈ పొట్లాలు వెన్ను తాడుకి ఆనుకుని నడిమధ్యలో ఉండాలి. చుట్టూ నాలుగు వేళ్ల మందం బట్ట తప్పనిసరి. ఇసుక పైకి వస్తే పక్కటెముకకి రాయి తగిలినట్టే. మొండెంలో ఆరు, తొడల్లో ఒకటిన్నర చొప్పున.

కుట్టేముందు భాగాలు విడివిడిగా తూచాను. తల 2.3, మొండెం 15.2, చేతులు 1.6, 1.5, కాళ్లు 4.9, 4.7. మొత్తం 30.2 కిలోలు. గోడ మీది అంకెల పక్కన ఈ అంకెలు రాసినప్పుడు కలిగిన తృప్తి చెప్పలేను.

జూలై 4

బరువు సరిపోయినా ఎత్తితే తేడాగా ఉంది. ఛాతీ వైపు లాగేస్తోంది. వెదురు బొంగుని రెండు ఇటుకల మీద పెట్టి, దాని మీద బొమ్మని అడ్డంగా పడుకోబెట్టి, ఎటూ వాలకుండా ఆగే చోటు వెతికాను. పాదాల నుంచి 94 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మగవాళ్లలో ఆ చోటు ఎత్తులో 56 శాతం దగ్గర, అంటే బొడ్డుకి కాస్త కింద ఉంటుంది. 160కి 90 రావాలి.

వీపు లేసు విప్పి, ఛాతీలో పెట్టిన రెండు ఇసుక పొట్లాలు తుంటి దగ్గరికి దించాను. ఆ ఖాళీలో మెత్తటి బట్ట. ఇప్పుడు 92. ఒక్క కిలో కూడా కలపకుండా, తీయకుండా బొమ్మ వేరే బొమ్మ అయిపోయింది. మొదటిసారి ఓ గోషిలో నడుము మీద పడితే అక్కడే నిలిచింది.

జూలై 7

బావ జూడోగి, అంటే జూడోకి వేసుకునే దుస్తులు, ట్రంకు పెట్టెలో ఉంది. కువైట్‌లో ఎందుకులే అని వదిలి వెళ్లాడు. బొమ్మకి అది తొడిగి, వాడి గోధుమరంగు బెల్టే కట్టాను. కాలరు, చేతి మడత లేకుండా జూడోలో పట్టే లేదు కాబట్టి ఎలాగూ ఏదో ఒక జూడోగి కావాలి. కానీ వేరేది కొనాలనిపించలేదు.

వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కేసా గటామే పట్టి చూపించరా" అన్నాడు. నేల మీద మెడ చుట్టూ చెయ్యి వేసి అదిమే పట్టు అది. ఫోను చెట్టుకి ఆనించి పట్టాను.

"మెడేదిరా దానికి? నీ చెయ్యి తల కింద పెట్టావు, మెడ చుట్టూ పోలేదు."

నిజమే. తలని నేరుగా భుజాల మీద కుట్టేశాను. చెయ్యి తిరగడానికి చోటు లేదు. ఇన్నాళ్ల నుంచీ చూస్తూ నాకే కనబడలేదు.

జూలై 10

తల విప్పి, వెన్ను తాడుని పన్నెండు సెంటీమీటర్లు పెంచి, బూరుగు దూది గట్టిగా చుట్టి, కాన్వాసు తొడిగి మళ్లీ కుట్టాను. ఇప్పుడు కుడిచెయ్యి మెడ చుట్టూ పోతోంది, బొమ్మ కుడిచెయ్యి నా ఎడమ చంకలో ఇరుకుతోంది. పట్టు పట్టి 20 సెకన్లు లెక్కపెట్టుకున్నాను. పోటీలో అంతసేపు పట్టి ఉంచితే ఇప్పాన్, ఆట అయిపోయినట్టే. అక్కడి నుంచి యోకో షిహో (పక్క నుంచి అదిమేది), కామి షిహో (తల వైపు నుంచి అదిమేది), మళ్లీ కేసా. ఛాతీ బొమ్మ మీది నుంచి లేవకుండా చుట్టూ తిరగడం. ఈ పనికి బొమ్మ నిజంగా బాగుంది. మనిషి అయితే ఐదో చుట్టుకి విసుగుపడతాడు.

బొమ్మ చెయ్యలేనిది కూడా రాసుకోవాలి. అది అడుగు వెయ్యదు, తొయ్యదు, కాబట్టి దాని తూకం ఎప్పుడు తప్పుతుందో కనిపెట్టడం దీని మీద రాదు. అది బావ వచ్చాకే.

జూలై 16

నిలబెట్టడం ఎలా అనేదానికి సులువైన దారి దొరికింది. మామిడి కొమ్మ నుంచి ఒంటి పేట పురికొసతో నడినెత్తిన వేలాడదీశాను. అది బొమ్మ బరువుకి ఆగుతుంది, విసరగానే పుటుక్కున తెగుతుంది. కొక్కేలు, ఇనుప కడియాలు మొహం దగ్గర ఉండవు. ప్రతి విసురుకీ కొత్త ముడి వెయ్యాలి, ఆ అర నిమిషంలో ఊపిరి తీసుకోవచ్చు.

రోజుకి ఓ గోషి పదిహేను, సెయోయి నాగే (వీపు మీదుగా విసిరేది) పది. అంతకు మించడం లేదు. మోకాళ్లు వంచి కిందికి వెళ్లకుండా నడుముతో ఎత్తితే రెండో రోజే తెలుస్తుంది. మనమే వెనక్కి పడుతూ బొమ్మని మీది నుంచి విసిరే పట్లు ఒంటరిగా చెయ్యను. 30 కిలోలు మొహం మీద పడితే తీసేవాళ్లు ఉండరు.

జూలై 27

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 11.75 అడుగులు. మా లంకకి ఆ మాట చాలు, ధాన్యం బస్తాలు డాబా మీదికి ఎక్కించడం మొదలుపెట్టాం. అమ్మ కింది నుంచి, "ముందు దాన్ని పట్టుకెళ్లు, తడిస్తే ఆ బట్టలన్నీ ఎక్కడ ఆరేత్తాం" అని అరిచింది. బొమ్మని భుజానికి ఎత్తుకుని మెట్లెక్కాను. గడ్డి పరుపు మాత్రం వదిలేశాను.

ఆగస్టు 3

నీళ్లు వాకిట్లోకి వచ్చి రెండు రోజులుండి తీశాయి. తోటలో మడమ లోతు ఒండ్రు. గడ్డి కుళ్లిపోయింది, బరకం కడిగితే బాగానే ఉంది.

బొమ్మ లేసు విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాను. బట్ట పొడిగానే ఉంది, ఎలుకలు పట్టలేదు. మళ్లీ తూచితే 30.5. మూడొందల గ్రాములు తేమ కావచ్చు, ఎండ వచ్చాక రెండు రోజులు డాబా మీదే ఉంచుతాను. కుడి తొడ నింపుడు రెండు వేళ్లు దిగింది, అక్కడ ఒక దుప్పటి ముక్క కూరాలి. ఎడమ భుజం కుట్టు ఒక వరస తెగింది, మైనం దారంతో రేపు వేస్తాను.

బావకి డాబా మీది నుంచే కాల్ చేశాను. వరద సంగతి అడిగి, ఇంట్లో అందరినీ అడిగి, చివర్లో బొమ్మని నిలబెట్టమన్నాడు. "ఎడమ భుజం కిందికి ఉంది, నాది అలా ఉండదు" అన్నాడు. కుట్టేటప్పుడు పైకి లాగి కుడతాను.